46 ఛాతికి కోర్సెట్ జాకెట్టు: లోపల బ్రా లేకుండా నడుస్తుందా?

దొండపర్తి_పిల్ల: అంగుళాల్లో ఛాతి 46, ఛాతి కింద చుట్టు 40, నడుము 42. చీర మీదకీ, జీన్స్ మీదకీ, పార్టీ వేషానికీ ఒకటే కోర్సెట్ జాకెట్టు కుట్టించాలి. బ్రా అక్కర్లేదు, బోనింగే (లోపల నిలువుగా పెట్టే గట్టి కడ్డీలు) మోస్తుందంటున్నారు టైలర్లు. నిజమేనా?

కత్తెరపిట్ట: నిజమే, బోనింగ్ స్టీలుదైతే. కుట్టేసే ప్లాస్టిక్ పట్టీ ఈ సైజుకి పనికిరాదు. ఒంటి వేడికి మెత్తబడి నడుం దగ్గర మడత పడుతుంది, మళ్లీ తిన్నగా అవ్వదు. ప్రిన్సెస్ కుట్ల మీద, అంటే ఛాతి మీంచి నడుం దాకా దిగే నిలువు కుట్ల మీద, స్పైరల్ స్టీలు (చుట్టలు చుట్టిన తీగ కడ్డీ) వెయ్యండి, అటూ ఇటూ కూడా వంగుతుంది. వెనక తాడు రంధ్రాల పక్కన మాత్రం చదును పట్టీ. నడుం దగ్గర లోపల సాగని అంగుళం టేపు. నడుము కొలత 40 రాయండి, తాడు బిగిస్తే చక్కగా కూర్చుంటుంది.

ఉక్కపోత: మే నెలలో ఆర్కే బీచ్‌లో స్టీలు కడ్డీలా! ఏటండీ ఇది.

పవర్‌నెట్: సముద్రపు గాలి, పైన చెమట. స్టీలు కోసిన చోట కొనకి టోపీ వెయ్యకపోతే తెల్ల లైనింగ్ మీద తుప్పు మరక ఖాయం. కడ్డీ దూర్చే గుడ్డ గొట్టానికి ఒక వైపు మూత పెట్టి విప్పేలా ఉంచాలి, ఉతికే ముందు తీసేస్తారు. అసలు సంగతి అది కాదు. బోనింగ్ బరువు మొయ్యదు, గుడ్డ ముడత పడకుండా నిలబెడుతుందంతే. మోసేది ఛాతి కింద పట్టీ. 46కీ 40కీ తేడా 6 అంగుళాలు, అంటే బ్రా సైజుల్లో డి కప్పు కన్నా రెండు మెట్లు పైన. కప్పు లేకుండా తిన్నగా కుట్టేస్తే పైకి నెట్టుకొస్తుంది.

కత్తెరపిట్ట: టోపీ వేసిన స్టీలు తుప్పు పట్టదు.

పవర్‌నెట్: టోపీ వేసేవాళ్లెంతమంది?

కత్తెరపిట్ట: వేసేవాళ్లు వేస్తారు. పని తెలియనివాళ్ల గురించి నన్నడిగితే ఎలా?

బొబ్బట్టు: తుప్పు పక్కన పెట్టండి బాబూ. ఆవిడ అడిగింది బ్రా గురించి.

పవర్‌నెట్: సరే, చెప్తాను. లోపల విడిగా ఒక బ్రా అడుగు కుట్టించండి. నా పేరులోని పవర్‌నెట్టే, గట్టిగా సాగే వల గుడ్డ, రెండు పొరలు, సాగుదల ఒంటి చుట్టూ వచ్చేలా. పట్టీ చుట్టు 40 కాదు, 2 అంగుళాలు తక్కువ, సాగి బిగుస్తుంది. వెనక హుక్కులు నాలుగు, కాజాలు మూడు వరసలు. ఈ అడుగుని పై అంచుకీ పక్క కుట్లకీ మాత్రమే కలపాలి. కింద వదిలెయ్యాలి, లేకపోతే పై గుడ్డని లాగి ముందు ముడతలు తెస్తుంది. భుజం పట్టీ రెండు సెంటీమీటర్లన్నా ఉండాలి, మెడ వైపుకి జరిపి పెట్టాలి.

ఇంకోటి. 36 ఫర్మాని (కత్తిరింపు నమూనాని) 46 చేసేటప్పుడు నాలుగు ముక్కలకీ రెండున్నర అంగుళాల చొప్పున కలిపేస్తారు. భుజం కూడా వెడల్పై పట్టీ జారుతుంది, వెనక సంచిలా వేలాడుతుంది. ఛాతి పెరిగిందని భుజం ఎముక పెరగదు కదా! పెంచాల్సింది ఎక్కువ భాగం ముందు ముక్కలో, డార్టు (ఛాతి ఆకారానికి మడిచి కుట్టే మడత) లోతులో.

కత్తెరపిట్ట: ఇదంతా మాకు తెలియదనా? కౌంటర్ దగ్గర నిలబడి చూడండి. లావుగా ఉన్నవాళ్లు అడిగేది ఒక్కటే, సన్నగా కనిపించాలని. అందుకే 40.

దొండపర్తి_పిల్ల: నేనడగలేదండీ.

పవర్‌నెట్: ఇప్పుడు బయటికొచ్చింది! తుప్పు కాదు గొడవ. మీరు కుట్టేది బట్ట కాదు, ఒళ్లు తగ్గించే పట్టా. తగ్గించిన 2 అంగుళాలు ఎక్కడికి పోతాయి? చంక కింద, వెనక అంచు మీద మడతలై కూర్చుంటాయి. దాని మీదే లంగా బొందు బిగిస్తే అదే చోట రెండు ఒత్తిళ్లు. గంటలో ఎర్రగా కమిలి, చెమటకి పొక్కుతుంది. పైగా 44 దాటితే కూలి ఎక్కువ తీసుకునేది ఈ సేవకా?

కత్తెరపిట్ట: గుడ్డ ఎక్కువ, గొట్టాలు ఎక్కువ, ట్రయల్ రెండుసార్లు. కూలి ఊరికే ఎక్కువ కాదు. వదులుగా కుట్టిస్తే అది కోర్సెట్ కాదు, గౌను.

ఉక్కపోత: గౌనే మేలు తల్లీ.

పవర్‌నెట్: వదులు అనలేదు. 42కి 42 అన్నాను. ముందు ముతక కాటన్‌తో మాదిరి కుట్టించి, వేసుకుని కుర్చీలో కూర్చోమనండి. బోను కొన తొడకి గుచ్చితే అంగుళం పొట్టి చెయ్యాలి. నిలబడి చూసిన ట్రయల్ ట్రయల్ కాదు.

దొండపర్తి_పిల్ల: మాదిరి కుట్టిస్తాను. స్టీలు సరే, టోపీలతో. నడుము 42 రాస్తున్నా.

కత్తెరపిట్ట: రాయండి. వెనక తాడు బిగించుకోడానికి సందు మాత్రం ఉంచను. తర్వాత వదులైందని తెస్తే, ఆల్టర్ కూలి వేరే.