ఇంగ్లిష్ టీచర్‌గా వెళ్తే ఏ నగరం మంచిది: హనోయా, బ్యాంకాకా?

కొత్తపేజీ:
నమస్కారం. డిగ్రీ ఉంది, ఈ మధ్యే సెల్టా (పెద్దవాళ్ళకి ఇంగ్లిష్ నేర్పడానికి కేంబ్రిడ్జ్ ఇచ్చే సర్టిఫికెట్) పూర్తి చేశాను, రెండేళ్ళుగా పెద్దవాళ్ళకి ఇంగ్లిష్ చెబుతున్నాను. ఇప్పుడు వేరే దేశంలో ఒక నగరం చూసుకుని, అక్కడే ఉండి పాఠాలు చెప్పాలని ఉంది. నిజానికి నా మనసు సియోల్ మీద ఉంది. కానీ అక్కడ భాష నేర్పేవాళ్ళకి ఇచ్చే ఈ-2 వీసా మామూలుగా అమెరికా, కెనడా, బ్రిటన్, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా పాస్‌పోర్టులకే. నాది ఆ ఏడింటిలో లేదు. చివరికి వియత్నాంలో హనోయ్, థాయ్‌లాండ్‌లో బ్యాంకాక్ మిగిలాయి. అక్కడ ఉండి వచ్చినవాళ్ళు చెప్పండి, ఏది?

రెండో_టెర్మినల్:
హనోయ్. మూడేళ్ళు ఉన్నాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను. వీడియోలు చూసి నగరాన్ని ఎంచుకోకండి. నెలాఖరుకి చేతిలో ఎంత మిగులుతుందో చూసుకోండి. అక్కడి ఇంగ్లిష్ సెంటర్లు ఎక్కువగా గంటల లెక్కన ఇస్తాయి. వారానికి ఇరవై గంటలు చెబితే ఖర్చులు పోను బాగానే మిగులుతుంది. క్లాసులు సాయంత్రాలు, శని ఆదివారాలు. పగలంతా మీదే. వర్క్ పర్మిట్‌కి డిగ్రీ, టీచింగ్ సర్టిఫికెట్, పోలీస్ క్లియరెన్స్, హెల్త్ చెకప్ కావాలి. డిగ్రీకి, పోలీస్ కాగితానికి ధ్రువీకరణ బయల్దేరే ముందే చేయించుకోండి. అక్కడికెళ్ళాక కొరియర్ల కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం నరకం.

పలకబలపం:
"వారానికి ఇరవై గంటలు" అన్న మాట చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది. ఇరవై అంటే క్లాసులో నిలబడే గంటలు. నా కాంట్రాక్టులో కూడా ఇరవై అనే ఉంది. సాయంత్రం ఐదున్నరకి ఒక బ్రాంచిలో క్లాసు, ఏడున్నరకి ఊరికి అటు చివర ఇంకో బ్రాంచిలో. మధ్యలో బండి మీద నలభై నిమిషాలు. వానాకాలంలో ఫ్లాష్ కార్డులు ప్లాస్టిక్ కవర్లో చుట్టి, రెయిన్‌కోటు లోపల పొట్టకి ఆనించుకుని వెళ్ళేదాన్ని. ఒకరోజు జుట్టంతా తడిసి రెండో క్లాసులో నిలబడితే, ముందు బెంచీలో పిల్ల తన చేతిరుమాలు తీసి నా చేతిలో పెట్టింది. ఆ ప్రయాణానికి సెంటర్ ఏమీ ఇవ్వలేదు. పాఠం తయారీకి, తల్లిదండ్రులకి రాసే రిపోర్టులకి, మీటింగులకి కూడా ఇవ్వలేదు. అన్నీ కలిపితే ముప్పై ఆరు గంటలు తేలింది. ఇరవై అని రాసేవాళ్ళు దయచేసి ఆ మిగతా పదహారు కూడా రాయండి.

గ్రామర్_పిచ్చి:
బ్యాంకాక్. ట్రైన్లున్నాయి, బండి నడపడం రాకపోయినా బతకొచ్చు.

రెండో_టెర్మినల్:
@పలకబలపం గారూ, అది మీ సెంటర్ తప్పు, నగరం తప్పు కాదు. నేను ఒకే బ్రాంచి అని కాంట్రాక్టులో ముందే రాయించుకున్నాను. ఇరవై అంటే ఇరవయ్యే చెప్పాను. ఇక పాఠం తయారీ అంటారా, అవే పుస్తకాలు, అవే యూనిట్లు తిరిగి తిరిగి వస్తాయి. ఆరు నెలలు గడిస్తే పది నిమిషాల పని.

పలకబలపం:
పది నిమిషాలా? ఐదేళ్ళ పిల్లలు పదహారు మంది ఉన్న గది పది నిమిషాల తయారీతో నడుస్తుందా? కొత్తపేజీ గారూ, ఒక విషయం గమనించండి. సెల్టాలో ఆరు గంటలు ప్రాక్టీస్ టీచింగ్ చేయిస్తారు, అదంతా పెద్దవాళ్ళకే. మీ రెండేళ్ళ అనుభవమూ పెద్దవాళ్ళతోనే. హనోయ్ సెంటర్లలో సాయంత్రం క్లాసులంటే ఎక్కువగా పిల్లలే. అది వేరే పని. ఈ సంగతి చెప్పకుండా ఇరవై గంటలు, పగలంతా ఖాళీ అంటే ఎలా?

వానకోయిల:
ఒక మాట. మీరిద్దరూ గంటల దగ్గరే ఆగిపోయారు. జీతం ఏ కరెన్సీలో ఇస్తారో ఎవరూ అడగలేదు. నేను 2021 సెప్టెంబరులో ఇస్తాంబుల్‌లో ఒక స్కూలుతో లిరాల్లో ఒప్పందం చేసుకున్నాను. అప్పటికి మంచి జీతమే. ఆ డిసెంబరులో లిరా కుప్పకూలింది. 2022 అక్టోబరుకి అక్కడి అధికారిక ద్రవ్యోల్బణమే 85 శాతం దాటింది. కాంట్రాక్టులో అంకె మారలేదు, ఇంటికి పంపే డబ్బు మాత్రం సగానికి పడిపోయింది. నగరం చాలా అందమైనది, ఇప్పటికీ కలలోకి వస్తుంది. కానీ నా దగ్గర పాఠం నేర్చుకున్న పిల్లల తల్లిదండ్రులే అద్దె కట్టలేక ఇళ్ళు మారుతుంటే, జీతం పెంచమని అడగడానికి నాకు నోరు రాలేదు.

అటూఇటూ:
చైనాలో ఉన్న నా స్నేహితురాలి ఉద్యోగం నగరం వల్ల కాదు, ఒక్క ప్రభుత్వ నిర్ణయంతో పోయింది. 2021 జూలైలో స్కూలు సబ్జెక్టులకి లాభం కోసం నడిపే ట్యూషన్లని ఆపేశారు. అందులో ఇంగ్లిష్ కూడా ఉంది.

రెండో_టెర్మినల్:
వాటికీ హనోయ్‌కీ ఏం సంబంధం? ఇస్తాంబుల్‌లో లిరా పడితే హనోయ్ వెళ్ళొద్దా?

గ్రామర్_పిచ్చి:
వియత్నాం కొత్త సంవత్సరం, అదే టెట్ పండుగ సంగతి కూడా చెప్పండి సార్. సెంటర్లు ఒకటి రెండు వారాలు మూస్తారు. గంటల లెక్కన జీతమైతే ఆ రోజులకి సున్నా.

రెండో_టెర్మినల్:
అవును, నిజమే. దానికి ముందే దాచుకోవాలి. నేను దాచుకున్నాను.

పలకబలపం:
మీరన్నీ చేశారు, ముందే రాయించుకున్నారు, ముందే దాచుకున్నారు. మిగతావాళ్ళం తెలివితక్కువవాళ్ళం. నాకు ఒక సెంటర్ ఆఖరి నెల జీతం ఎగ్గొట్టింది. వర్క్ పర్మిట్ ఆ యజమాని పేరు మీదే ఉంటుంది కాబట్టి, గొడవపడితే వీసా పోతుందని నోరు మూసుకున్నాను. డబ్బు మిగలడమే లెక్క అనుకుని వచ్చే టీచర్ల వల్లే ఇలాంటి సెంటర్లు నడుస్తున్నాయి. ఏడాది ఉంటారు, పది నిమిషాల్లో పాఠం చెబుతారు, వెళ్ళిపోతారు. ఆ పిల్లలు ఏం నేర్చుకున్నారో ఎవరికీ పట్టదు.

రెండో_టెర్మినల్:
ఇప్పటిదాకా ఊరుకున్నాను. డబ్బు కోసం వెళ్ళడం తప్పా? మా నాన్న చేసిన అప్పు ఆ మూడేళ్ళ జీతంతో తీర్చాను. ప్రతి నెలా ఐదో తారీఖున డబ్బు పంపి, ఆ రసీదు ఫొటో తీసి అమ్మకి పంపేవాణ్ణి. పిల్లలకి పాఠం సరిగ్గా చెప్పలేదని ఎవరన్నారు మీకు? చివరి రోజు క్లాసు పిల్లలందరూ సంతకాలు పెట్టిన కాగితం ఇంకా నా దగ్గరుంది. టీచింగ్ అంటే మీ ఒక్కరికే ప్రేమ అన్నట్టు మాట్లాడకండి.

అటూఇటూ:
ఇద్దరూ కాస్త నెమ్మదించండి, ప్లీజ్. అడిగినాయన భయపడి పారిపోతాడు.

పలకబలపం:
ఆ మాట అనకుండా ఉండాల్సింది. అప్పు సంగతి నాకు తెలియదు. క్షమించండి.

నా కోపం ఎక్కడిదో చెబుతాను. నేను ఏడాది కోసమే వెళ్ళాను. తొమ్మిదేళ్ళయింది, మూడు దేశాలు. ప్రతి నగరాన్నీ ఆ ఏడాదికి ఏది బాగుంటుందో చూసి ఎంచుకున్నాను. జీతం, వాతావరణం, అద్దె, అన్నీ. ఇప్పుడు నాకు నలభై ఒకటి. పెన్షన్ ఖాతా ఏ దేశంలోనూ లేదు. మంచి స్కూళ్ళు టీచింగ్ లైసెన్స్ అడుగుతున్నాయి, నా దగ్గర సర్టిఫికెట్ తప్ప ఇంకేం లేదు. ఇరవై మూడేళ్ళ కుర్రాడికి ఇచ్చే జీతమే నాకూ ఇస్తామంటున్నారు. మొదటి నగరంలోనే ఎవరైనా కూర్చోబెట్టి "ఎన్నేళ్ళుంటావు?" అని అడిగి ఉంటే, ఆ ఏడాదే బీఈడీ లాంటిదేదో మొదలుపెట్టేదాన్ని. అందుకే ఇరవై గంటల మాట వింటే కోపం వస్తుంది. మిగిలిన పగలంతా నేను చదువుకుని ఉండాల్సింది, బండి మీద తిరిగాను.

రెండో_టెర్మినల్:
సరే. ఇప్పుడు అర్థమైంది. నేను అప్పు తీరేదాకా, మూడేళ్ళే అని ముందే లెక్క వేసుకుని వెళ్ళాను. ఆ లెక్కకి హనోయ్ సరిపోయింది. పదేళ్ళు ఉండాలనుకుంటే నేనూ హనోయ్ సెంటర్ చెప్పను. కానీ ఒకటి. వెళ్ళకముందే ఎన్నేళ్ళో ఎవరు చెప్పగలరు? మీరు కూడా ఏడాదే అనుకున్నారు కదా.

పలకబలపం:
అనుకున్నాను. అందుకే కొత్తగా వెళ్ళేవాళ్ళు, ఎక్కువ కాలం ఉండిపోయినా దారి మూసుకుపోని నగరం చూసుకోవాలంటాను. ఈ ఒక్క విషయంలో నేను మీతో ఏకీభవించను.

రెండో_టెర్మినల్:
నేనూ మీతో ఏకీభవించను. చేతిలో డబ్బు లేనప్పుడు దారి గురించి ఆలోచించే తీరిక ఉండదు.

వానకోయిల:
బ్యాంకాక్ విషయంలో నాకు తెలిసింది రాస్తాను. ఇంగ్లిష్ మాతృభాష దేశాలవాళ్ళు కాకపోతే టోయిక్ అనే ఇంగ్లిష్ పరీక్షలో 600 లేదా దానికి సమానమైన స్కోరు అడుగుతారు. స్కూల్లో చెప్పాలంటే అక్కడి టీచర్స్ కౌన్సిల్ లైసెన్స్ కావాలి. అది లేనివాళ్ళకి తాత్కాలిక అనుమతి రెండేళ్ళకి ఇస్తారు, అది కూడా ఎన్నిసార్లయినా ఇవ్వరు. అంటే పలకబలపం గారు అన్న చదువు గురించి అక్కడ మొదటి రోజు నుంచే ఆలోచించాల్సి వస్తుంది. నాకైతే అది మంచిదే అనిపిస్తుంది. స్కూళ్ళు మే మధ్యలో తెరుస్తారు, కాబట్టి మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎక్కువగా తీసుకుంటారు.

గ్రామర్_పిచ్చి:
థాయ్‌లాండ్‌లోనే చియాంగ్ మాయ్ ఊరు బాగుంటుంది కానీ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పొగ. ఆస్తమా ఉంటే వద్దు. హనోయ్‌లో చలికాలం గాలి కూడా అంతే.

కొత్తపేజీ:
అందరికీ థ్యాంక్స్. నిజం చెప్పాలంటే ఎన్నేళ్ళు అన్న ప్రశ్న నేను వేసుకోనేలేదు. నిన్న రాత్రి చాలాసేపు ఆలోచించాను. నాకు అప్పు లేదు. పెద్దవాళ్ళకి చెప్పడమే నాకు ఇష్టం, కానీ స్కూల్లో అయితే పక్కన సీనియర్ టీచర్లుంటారు, నేర్చుకోవచ్చు. టోయిక్ పరీక్షకి తేదీ తీసుకున్నాను. వచ్చే వారం బ్యాంకాక్‌లో ఒక స్కూలుతో ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉంది. క్లాసు గంటలు కాక ఆఫీసులో ఎన్ని గంటలు ఉండాలో తప్పకుండా అడుగుతాను. ఇంకా ఏం అడగాలి?

పలకబలపం:
కాంట్రాక్టు పది నెలలా, పన్నెండు నెలలా అని అడగండి. పది నెలలైతే వేసవి సెలవులకి జీతం రాదు.

రెండో_టెర్మినల్:
వర్క్ పర్మిట్ ఖర్చు ఎవరిదో కూడా అడగండి. నోటిమాట కాదు, ఈమెయిల్‌లో రాసివ్వమనండి.