ఘాట్ ఎక్కితే క్యాబిన్ కుంపటి అవుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న, రాయగడ నుంచి

అందరికీ నమస్కారం. పోయినేడు ఒక పాత మినీబస్సు కొని, సాలూరులో బాడీ పని చేయించి, లోపల రెండు మంచాలు, స్టవ్వు, నీళ్ల ట్యాంకు పెట్టించుకున్నాం. ముందు ముక్కు లేని బండి, ఇంజన్ క్యాబిన్ లోపలే, డ్రైవర్ సీటుకి ఎడమ పక్కన బానెట్ మూత కింద ఉంటుంది. ఊళ్లో తిరిగితే పెద్దగా తెలియదు గాని మొన్న సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి, పొట్టంగి మీదుగా కొరాపుట్ వెళ్లేసరికి క్లచ్ మీదున్న నా ఎడమ కాలు ఉడికిపోయింది. నిజంగానే మోకాలి కింద చర్మం ఎర్రబడింది. మా అమ్మ బానెట్ మీద పెట్టిన బెల్లం ముద్ద కవర్లో పాకంలా కారింది.

టెంపరేచర్ ముల్లు మాత్రం సగం దాటలేదు, రేడియేటర్ నీళ్లూ తగ్గలేదు. విచిత్రం ఏమిటంటే, గాలి ఆడుతుంది కదా అని వెనక కిటికీలన్నీ తెరిస్తే కాళ్ల దగ్గర సెగ ఇంకా పెరిగింది! ఏసీ పెట్టించమని ఒకరు, బానెట్ మీద బొంత కప్పమని ఒకరు అంటున్నారు. ముందు ఏది చేయాలి?

జవాబు, పర్లాకిమిడి నుంచి

మా నాన్న లారీ నడిపిన రోజుల్లో గోనెసంచులు నాలుగు మడతలేసి బానెట్ మీద పరిచేవారు, దాని మీదే క్లీనర్ పడుకునేవాడు. మీరు కింద థర్మకోల్ అంటించి పైన బొంత వేస్తే సరిపోతుంది, ఖర్చు తక్కువ.

జవాబు, సాలూరు నుంచి

థర్మకోల్ మాట మాత్రం వినకు తమ్ముడూ. నీళ్లు మరిగే వేడికే అది మెత్తబడి ముద్దయిపోతుంది, నిప్పు తగిలితే నల్లటి పొగతో అంటుకుంటుంది. ఘాట్‌లో బరువుతో ఎక్కుతున్నప్పుడు డీజిల్ ఇంజన్ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, అంటే ఇంజన్ పొగ బయటికొచ్చే మొదటి ఇనప గొట్టం, 400 డిగ్రీలు దాటుతుంది, దాని నెత్తిన థర్మకోల్ పెడతామా? గోనెసంచి పైన వేస్తే పర్వాలేదు, లోపలి వైపు మాత్రం వద్దు. ఆయిల్ చెమ్మ పీల్చుకుని ఒత్తిలా తయారవుతుంది.

ఇప్పుడు నీ ప్రశ్న. ముల్లు సగంలోనే ఉందన్నావు, అంటే ఇంజన్ బాగానే ఉంది, దాని వేడి నీ దగ్గరికి వస్తోంది అంతే. ఈ రెండూ వేరు. చాలామంది ఇది తెలియక రేడియేటర్, థర్మోస్టాట్ మార్చేసి డబ్బు పోగొట్టుకుంటారు.

కిటికీలు తెరిస్తే సెగ పెరిగిందన్నావే, నీ జవాబు అందులోనే ఉంది. బండి నడుస్తున్నప్పుడు వెనక కిటికీలు లోపలి గాలిని బయటికి లాగేస్తాయి. ఆ ఖాళీ నింపడానికి గాలి ఎక్కడో ఒకచోట నుంచి లోపలికి రావాలి కదా, ముందు వైపు దారి లేకపోతే బానెట్ అంచుల్లోంచి, పెడళ్ల కంతల్లోంచి ఇంజన్ గాలినే పీల్చుకుంటుంది. రేకు కాలి వచ్చే వేడి కన్నా ఇలా కంతల్లోంచి దూరే గాలే ఎక్కువ బాధ పెడుతుంది. ఘాట్‌లో బండి మెల్లగా పోతుంది, ఎదురుగాలి ఉండదు, ఫ్యాన్ తోసిన వేడిగాలి కిందికి పోలేక బానెట్ కిందే తిరుగుతుంది. అందుకే ఊళ్లో తెలియనిది ఘాట్‌లో తెలిసింది.

కాబట్టి పైసా ఖర్చు పెట్టక ముందు కంతలు వెతుకు. రాత్రి పూట బండి చల్లారాక, బానెట్ కింద ఒక టార్చి వెలిగించి పెట్టి మూసెయ్. క్యాబిన్లో లైట్లు ఆర్పి కింద కూర్చుని చూడు, వెలుగు ఎక్కడ కనిపిస్తే అక్కడ కంత ఉన్నట్టు. తర్వాత ఒక కాగితం ముక్క బానెట్ అంచు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ, అదే బీడింగ్, మధ్య పెట్టి, క్లాంపులు బిగించి లాగు. గట్టిగా పట్టుకుంటే బీడింగ్ బాగుంది, జారి వచ్చేస్తే చచ్చిపోయింది. చుట్టూ జానెడుకి ఒకసారి ఇలా చూడాలి. గేరు రాడ్డు అడుగున ఉండే రబ్బరు తొడుగు (బూటు), యాక్సిలరేటర్ కేబుల్ కంత, వైరింగ్ కంత, స్టీరింగ్ రాడ్డు దిగే చోటు, ఈ నాలుగూ మర్చిపోకు.

ఇంకో మాట, దీన్ని తేలిగ్గా తీసుకోకు. ఘాట్‌లో ఎవరికైనా తలనొప్పి, మత్తు, వికారం వచ్చాయా? మానిఫోల్డ్ జాయింట్లో ఉండే గ్యాస్కెట్ (పొగ బయటికి రాకుండా వేసే పట్టీ) లీకైతే పొగ గ్యాసు కూడా ఇవే కంతల్లోంచి వస్తుంది. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనా రంగూ ఉండవు. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, మానిఫోల్డ్ వేడెక్కక ముందే జాయింట్ల దగ్గర సబ్బునీళ్లు రాసి చూడమను, బుడగలొస్తే లీకు. నల్లటి మసి చారలున్నా అదే గుర్తు. పిల్లల్ని పడుకోబెట్టే బండి కదా, ఒక మోనాక్సైడ్ అలారం పెట్టుకో. ఇంజన్ ఆన్‌లో ఉంచి మాత్రం ఎప్పుడూ పడుకోవద్దు.

ప్రశ్న అడిగినవారు

అన్నా, మీ మాటతో రాత్రి టార్చి పెట్టి చూస్తే దీపావళే! బీడింగ్ దగ్గర ఆరు చోట్ల కాగితం జారిపోయింది. గేరు రాడ్డు బూటు చిరిగి నా బొటనవేలు దూరేంత కంత ఉంది. మంచాలు బిగించినవాళ్లు వైరింగ్ కోసం రేకుకి ఇంకో బెజ్జం కొట్టి అలాగే వదిలేశారు. గ్యాస్కెట్ లీకు లేదని మెకానిక్ చూసి చెప్పాడు, తలనొప్పి ఎవరికీ రాలేదు. కంతలు మూశాక లోపలి వైపు ఏం అంటించమంటారు?

జవాబు, జయపురం నుంచి

నేను ఏసీ డక్టుల పని చేస్తాను, ఇది నా లైను. డక్టుల మీద వేసే నల్లటి నైట్రిల్ రబ్బరు షీటు తీసుకోండి, ఒక పక్క అల్యూమినియం ఫాయిల్ ఉన్నది, 13 మిల్లీమీటర్లు చాలు. ఆయిల్ పీల్చదు, సౌండు కూడా తగ్గిస్తుంది. కానీ ఇది సాధారణంగా 105 డిగ్రీల దాకే తట్టుకుంటుంది, కాబట్టి మానిఫోల్డ్, టర్బో ఎదురుగా పెట్టొద్దు. జిగురు ఒక్కదాన్నే నమ్మొద్దు, వేడికి వదిలేసి షీటు ఊడి బెల్టులో పడితే పెద్ద గొడవ. వాషర్లతో స్క్రూలు బిగించి, అంచులకి అల్యూమినియం టేపు వేయండి.

జవాబు, సాలూరు నుంచి

జయపురం తమ్ముడు చెప్పింది కరెక్టు. మానిఫోల్డ్ ఎదురుగా మాత్రం ఇలా చెయ్యి. పల్చటి అల్యూమినియం రేకు బానెట్‌కి ఆనించకుండా, అంగుళం ఖాళీ ఉండేలా గొట్టపు స్పేసర్ల మీద బిగించు. మెరిసే రేకు సెగని వెనక్కి కొట్టాలంటే దాని ముందు ఖాళీ ఉండాలి, దేనికో అతికిస్తే ఆ మెరుపు దండగ. సైలెన్సర్ గొట్టానికి గుడ్డలా చుట్టే టేపు ఉంటుంది, అది నాకు నచ్చదు. వానలో చెమ్మ పట్టి గొట్టాన్ని తినేస్తుంది, ఆయిల్ కారే పాత ఇంజన్ అయితే నిప్పు భయం కూడా.

కేబుల్, వైరింగ్ కంతలకి గ్రోమెట్లు, అంటే కంతలో దూర్చే రబ్బరు రింగులు వేసి, చుట్టూ వేడి తట్టుకునే ఎర్ర ఆర్టీవీ సిలికాన్ పేస్టు పెట్టు, మామూలు తెల్ల సిలికాన్ కాదు. బీడింగ్ కొత్తది వేశాక క్లాంపులు కూడా సరిచేయించు, అవి వదులైతే కొత్త బీడింగ్ వేసినా లాభం లేదు. అన్నీ మూసేయమన్నాను గదా అని కింద ఇంజన్ గాలి బయటికి పోయే దారి మాత్రం మూయకు. రేడియేటర్ మధ్యలో ఎర్రదుమ్ము గూడుకట్టి ఉంటుంది, ఫ్యాన్ వైపు నుంచి మెల్లగా నీళ్లు కొట్టించు, ప్రెషర్ ఎక్కువైతే రెక్కలు వంగిపోతాయి. ఫ్యాన్ చుట్టూ ఉండే డొప్ప విరిగిందేమో కూడా చూడు.

నడిపేటప్పుడు ముందు గాలి రంధ్రం తెరిచి, వెనక కిటికీ ఒకటి కాస్త మాత్రమే తెరువు. మొత్తం తెరవడం మానెయ్.

ప్రశ్న అడిగినవారు

నిన్న మళ్లీ సుంకి ఎక్కాం. బీడింగ్, క్లాంపులు, రబ్బరు షీటు, రేకు అన్నీ అయ్యాయి. ఏసీ ఊసే లేదు. బానెట్ మీద చెయ్యి పెట్టి పది లెక్కపెట్టగలుగుతున్నా, ఇంతకు ముందు రెండు కూడా కుదిరేది కాదు. కాలి దగ్గర వెచ్చగా ఉంటోంది, కాలడం లేదు. సౌండు తగ్గేసరికి మా ఆవిడ మాట కూడా వినిపిస్తోంది, అది లాభమో నష్టమో ఇంకా తేల్చుకోలేదు. మా అమ్మ అయితే "ఇడ్లీ డబ్బా ఇప్పుడెక్కడ పెట్టాలిరా?" అని అడుగుతోంది.

గేరు రాడ్డు దగ్గర మాత్రం ఇంకా సన్నగా సెగ కొడుతోంది. బూటు రాయగడలో దొరకలేదు, ప్రస్తుతానికి పాత ట్యూబు ముక్క కోసి క్లిప్పుతో బిగించాను. పర్వాలేదా?

జవాబు, సాలూరు నుంచి

నాలుగు రోజులకి పర్వాలేదు, తర్వాత వేడికి పగులుతుంది. చిరిగిన పాత బూటు పారేయలేదు కదా? దాన్ని పట్టుకుని సాలూరు రా, సైజు చూపిస్తే దొరుకుతుంది. రెండు కొనుక్కో.