బీపీ మాత్ర డోసు పెంచాక అమ్మ కాళ్లకు నీరు పట్టింది, మాత్ర ఆపేయొచ్చా?

ప్రశ్న (పర్లాకిమిడి):
అమ్మ ఇన్నాళ్లూ ఆమ్లోడిపిన్ 5 వేసుకునేది, బీపీ దిగట్లేదని డాక్టరు 10 చేశారు. అప్పట్నుంచి సాయంత్రమయ్యేసరికి రెండు కాళ్లూ చీలమండల దగ్గర వాచిపోతున్నాయి, వేలితో నొక్కితే గుంట పడుతోంది, పొద్దున్నకి కాస్త తగ్గుతుంది. అమ్మ పుట్టిల్లు కవిటి వైపు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో మంచాన పడ్డవాళ్లని దగ్గర్నుంచి చూసింది, అందుకే కాళ్లు వాచాయంటే కిడ్నీలే అని ఒకటే టెన్షన్, రేపట్నుంచి మాత్ర మానేస్తానంటోంది. ఇలా ఎవరికైనా అయిందా?

జవాబు (గుణుపురం, మందుల షాపు):
మాన్పించకండి, బీపీ మళ్లీ పైకి పోతుంది, అది కిడ్నీకి ఇంకా చేటు. ఆమ్లోడిపిన్ సన్న రక్తనాళాలను వదులు చేస్తుంది, అప్పుడు నీరు బయటికి ఊరి కాళ్లలోకి దిగుతుంది. డోసు 10 అయ్యాక ఈ వాపు 5 కంటే ఎక్కువగా కనిపిస్తుంది, ఇది కిడ్నీ పాడై వచ్చేది కాదు. దీనికి ఒంట్లో నీరు తీసే మాత్ర పెద్దగా పనిచేయదు, షాపులో అడిగి వేయకండి. డాక్టరుకి చూపిస్తే డోసు తగ్గించి టెల్మిసార్టాన్ లాంటి ఇంకో బీపీ మాత్ర కలుపుతారు, లేదంటే సిల్నిడిపిన్‌కి మారుస్తారు. అయినా మీ అమ్మగారిది ఉద్దానం అంటున్నారు కాబట్టి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్ష), మూత్రంలో ప్రోటీన్ పరీక్ష తప్పకుండా చేయించండి, ఆవిడ భయం ఊరికే వచ్చింది కాదు. ఒక్క కాలే వాచినా, ఆయాసం వచ్చినా, పొద్దున్నే ముఖం ఉబ్బినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

జవాబు (రాయగడ):
మా నాన్నకి వాపు కాదు, రామిప్రిల్ అనే బీపీ మాత్రతో పొడిదగ్గు. రాత్రంతా దగ్గేవారు, సిరప్పులు తాగినా తగ్గలేదు, డాక్టరు లోసార్టాన్‌కి మార్చాక కొన్ని వారాల్లో పోయింది. ఒక్కటి అడుగుతాను, అమ్మగారు మోకాళ్లకి నొప్పి మాత్రలు ఏమైనా వాడుతున్నారా? డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి బీపీని పెంచుతాయి, వాపూ తెస్తాయి, కిడ్నీలకి అసలు మంచివి కావు.

ప్రశ్న అడిగినవారు:
వాడుతుందండీ! పొలం పని ఎక్కువైనప్పుడల్లా షాపులో అడిగి తెచ్చుకుంటుంది. బీపీ దిగకపోవడానికి అదీ కారణమేనా?

జవాబు (గుణుపురం, మందుల షాపు):
అయ్యుండొచ్చు. వెళ్లేటప్పుడు ఆ నొప్పి మాత్రల అట్ట కూడా పట్టుకెళ్లి చూపించండి, ఎందుకంటే టెల్మిసార్టాన్ మొదలుపెడితే ఆ రెండూ కలిపి వేసుకోవడం కిడ్నీకి భారం. ఆవకాయ, ఎండుచేపలు కాస్త తగ్గించమనండి. డాక్టరు చూసేదాకా బీపీ మాత్ర మాత్రం రోజూ వేయించండి.