‘చైతన్య స్రవంతి’లో చిక్కు ఏ పదంతో?

ప్రశ్న: మనస్సులో ఆలోచనలు, అనుభూతులు తెగకుండా ప్రవహిస్తుంటాయని అమెరికా తత్త్వవేత్త, మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ ప్రచారంలోకి తెచ్చిన భావనకు మనం ‘చైతన్య స్రవంతి’ అంటున్నాము. వేదాంతులు చైతన్యాన్ని మార్పులేని సాక్షి అంటారు కదా, మరి అది ప్రవహించడమేమిటి?

జవాబు: మీ సందేహం తగిన చోటే పుట్టింది. స్రవంతితో నాకు పేచీ లేదు. ‘స్రు’ ధాతువు నుంచి వచ్చిన ఆ మాటకు ‘ప్రవహిస్తూ ఉన్నది’ అని అర్థం కనుక, అది నదిని చెబుతూనే క్రియను విడిచిపెట్టదు. చిక్కంతా చైతన్యంతోనే. 1890 నాటి తన మనస్తత్వశాస్త్ర గ్రంథంలో జేమ్స్ ఆ అధ్యాయానికి ఆలోచనా ప్రవాహమనే అర్థం వచ్చే పేరే పెట్టారు. 1892 నాటి సంక్షిప్త రూపంలో దానిని చైతన్యంగా మార్చారు. 1904లోనైతే చైతన్యమనే వస్తువేదీ లేదని, అది ఒక పని మాత్రమేనని వాదించారు. వేదాంతి చెప్పే సాక్షికి ఇది ఎంత దూరమో చూడండి.

మనస్సు పక్షిలాగా ఎగురుతూ, వాలుతూ సాగుతుందని, మనం వాలిన చోట్లనే గుర్తిస్తామని, నిజానికి ‘కానీ’, ‘అయితే’ వంటి మాటలకు కూడా ఒక అనుభూతి ఉంటుందని జేమ్స్ అన్నారు. తెలుగులో ఇది మరీ తేటగా కనబడుతుంది. ‘వాన వస్తే’, ‘వాన వచ్చినా’ అన్నప్పుడు వానా అదే, రావడమూ అదే. చివరి ప్రత్యయం దగ్గర మనస్సు మరో దిక్కుకు మళ్లుతుంది. మరచిపోయిన పేరు సంగతీ అంతే: అది నాలుక మీద ఆడుతుండగా ఎవరైనా వేరే పేరు అందిస్తే ‘అది కాదు’ అని తోసేస్తాము, అంటే ఆ ఖాళీకి సైతం ఒక ఆకారమున్నదన్నమాట.

జేమ్స్‌ను చదివిన జర్మన్ తత్త్వవేత్త హుస్సర్ల్, పాట వింటున్నప్పుడు గడిచిపోయిన స్వరం ఇప్పటి స్వరంలో ఎలా నిలిచి ఉంటుందో పరిశీలించారు. 1918లో మే సింక్లెయిర్ అనే ఆంగ్ల రచయిత్రి డొరొతీ రిచర్డ్‌సన్ నవలలను సమీక్షిస్తూ ఈ మాటను సాహిత్యానికి అన్వయించారు. మనకు అందినది ప్రధానంగా ఆ సాహిత్యపు దారినే.

ప్రశ్న: అలాగైతే ‘స్పృహా స్రవంతి’ అనవచ్చునా?

జవాబు: సంస్కృతంలో స్పృహ అంటే కోరిక, ‘నిస్పృహ’లో ఆ జాడ మిగిలే ఉంది. తెలుగు వాడుకలో స్పృహ తప్పుతుంది, లేదా తిరిగి వస్తుంది, పారేది కాదది. పాత్ర మనస్సులోని ఆలోచనలను అవి పారినట్టే రాసే కథా శిల్పానికి ‘చైతన్య స్రవంతి’ అని స్థిరపడిన పేరును కదపనక్కరలేదు గానీ, జేమ్స్ గురించి రాసేటప్పుడు మాత్రం నేను ‘ఆలోచనా స్రవంతి’ అనే రాస్తున్నాను.