ట్రేడ్ షోలో స్టాల్ కట్టించడానికి కాంట్రాక్టర్‌ని ఏం చూసి ఎంచుకోవాలి?

అందరికీ నమస్కారం అండి. మా కంపెనీ మొదటిసారి ట్రేడ్ షోలో స్టాల్ తీసుకుంది, 6 బై 3 అంటే 18 చదరపు మీటర్లు, రెండు వైపులా ఓపెన్, ఖాళీ జాగానే ఇస్తారు, గోడల దగ్గర్నుంచి లైట్ల దాకా అన్నీ మనమే కట్టించుకోవాలి. మూడు కొటేషన్లు వచ్చాయి. త్రీడీ డిజైన్లు మూడూ బ్రహ్మాండంగా ఉన్నాయి, రేట్లకి మాత్రం పొంతనే లేదు, ఒకాయన ఇంకొకాయన చెప్పినదాంట్లో సగమే అడుగుతున్నాడు. మా సార్ తక్కువకే ఇచ్చేయమంటున్నారు, నాకేమో భయంగా ఉంది. ఏం చూడాలో చెప్పండి ప్లీజ్.

జవాబు 1
ముందు ముగ్గురూ ఒకే పనికి రేటు చెప్పారో లేదో చూడండి. కింద ప్లాట్‌ఫామ్, వైరింగ్, ఫర్నిచర్ అద్దె, గ్రాఫిక్స్ ప్రింటింగ్, ట్రాన్స్‌పోర్ట్, షో అయ్యాక విప్పి తీసుకెళ్లడం, వీటిలో ఏది కలిసుంది ఏది లేదు అని ఐటమ్ వారీగా రాసిమ్మనండి. సగం రేటు వెనక చాలాసార్లు సగం పనే ఉంటుంది. స్టాల్ అద్దెదా, షో అయ్యాక మెటీరియల్ మీదేనా అన్నది కూడా అడగండి, ఇది చాలామంది మర్చిపోతారు.

జవాబు 2
డిజైన్ చూసి ఇచ్చేయకండి అండి, మేం అలాగే ఇచ్చి దెబ్బతిన్నాం. మాతో మాట్లాడినాయన పని వేరేవాళ్లకి సబ్ కాంట్రాక్ట్ ఇచ్చేశాడు, ఆ సంగతి మాకు బిల్డప్ రోజు, అంటే హాల్లో స్టాల్ కట్టే రోజు, రాత్రి తెలిసింది, సైట్‌లో ఉన్న కార్పెంటర్ల దగ్గర కొలతలున్న డ్రాయింగే లేదు, ఫోన్ చేస్తే ఎత్తడు, పొద్దున విజిటర్లు వచ్చేసరికి పెయింట్ ఇంకా ఆరలేదు, మా ప్రొడక్ట్ రాక్ గోడకి ఆనించడానికి కూడా లేకపోయింది. అప్పట్నుంచి నేను మొదట అడిగేది ఒక్కటే, ఆ రాత్రి సైట్‌లో నిలబడే సూపర్‌వైజర్ ఎవరు, ఆయనతోనే మాట్లాడించండి అని. వీలైతే వాళ్లు వేరే షోలో కడుతున్న స్టాల్‌ని ఓపెనింగ్ ముందు రోజు సాయంత్రం వెళ్లి చూడండి, పూర్తయ్యాక తీసిన ఫోటోల్లో కనపడనివి అక్కడ కనపడతాయి. వర్క్‌షాప్ కూడా చూడండి, మొత్తం స్టాల్ ఒకసారి అక్కడ బిగించి చూసుకుని తెచ్చేవాళ్లయితే హాల్లో రంపాల మోత తక్కువ.

జవాబు 3
ఆర్గనైజర్ ఇచ్చే ఎగ్జిబిటర్ మాన్యువల్ ముగ్గురికీ పంపి డిజైన్ దానికి సరిపోతుందా అని అడగండి. ఎత్తు లిమిట్, మంటలకి తట్టుకునే మెటీరియల్, డ్రాయింగ్ అప్రూవల్ గడువు, కాంట్రాక్టర్ కట్టాల్సిన డిపాజిట్ అన్నీ మామూలుగా అందులోనే ఉంటాయి. చదివినవాడు తిరిగి మిమ్మల్నే ప్రశ్నలడుగుతాడు, మీ మెషిన్ ఎన్ని కిలోవాట్లు, రాత్రంతా కరెంట్ కావాలా అని. అలా అడిగినవాడి మీద నాకు నమ్మకం కుదురుతుంది.

అడిగినవారు
చాలా థాంక్స్ అండి. ఇప్పుడే ఫోన్ చేశాను, తక్కువ చెప్పినాయన రేటులో ప్లాట్‌ఫామూ లేదు, వైరింగూ లేదు! పేమెంట్ మొత్తం ముందే ఇమ్మంటున్నాడు కూడా, అలా ఇస్తారా?

జవాబు 2
వద్దండి. కొంత అడ్వాన్స్, కొంత మెటీరియల్ సైట్‌కి వచ్చాక, మిగతాది స్టాల్ మీ చేతికి అప్పగించాక అని అగ్రిమెంట్‌లో రాయించండి. ఏ రోజు ఎన్ని గంటలకి అప్పగించాలో కూడా అందులోనే ఉండాలి.