తాతయ్య రేడియో నాటకం టేపు ఎక్కడ చూపించాలి?

అందరికీ నమస్కారం. మేముండేది చెన్నై, పశ్చిమ మాంబళంలో. మా తాతయ్య కుర్రతనంలో తెనాలి వైపు పద్యనాటకాల్లో కృష్ణుడి వేషం కట్టేవారు. సినిమాల కోసం మద్రాసు వచ్చారు. అక్కడ పెద్దగా కలిసిరాలేదు గానీ, ఆకాశవాణి మద్రాసు కేంద్రంలో తెలుగు నాటకాలు చాలా ఏళ్లు వేశారు. చివరి వరుసకు వినబడేలా పద్యం ఎత్తుకునే మనిషికి మైకు ముందు మెల్లగా మాట్లాడటం అలవాటవడానికి ఏడాది పట్టిందట. కాగితం చప్పుడు వినబడకుండా స్క్రిప్టు పేజీలు విడదీసి పట్టుకుని, చదివేసినదాన్ని మెత్తగా కిందికి జార్చేవారని అమ్మమ్మ ఇప్పటికీ చేత్తో చేసి చూపిస్తుంది.

మొన్న ట్రంకు పెట్టెలో ఒక స్పూలు టేపు (చక్రానికి చుట్టి ఉండే పాతకాలం రికార్డింగు టేపు) దొరికింది. డబ్బా మీద ఆయన చేతిరాతలో "నాటకం, రెండో భాగం" అని మాత్రమే ఉంది. మూత తీస్తే వెనిగర్ వాసన. అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన పాత టేపు పాడవుతుంటే అలా వస్తుందని చదివాను, అప్పట్నుంచి టెన్షన్‌గా ఉంది. ఒక షాపులో చూడకుండానే మెషిన్‌కు ఎక్కించబోతే వద్దని తెచ్చేసుకున్నాను.

చెన్నైలో గానీ బెంగళూరులో గానీ ఇలాంటివి జాగ్రత్తగా డిజిటల్ చేసేవాళ్లు ఎవరైనా తెలుసా? అప్పటిదాకా ఎలా దాచాలి? రేడియో కార్యక్రమాల వివరాలు వేసే ఆకాశవాణి తెలుగు పత్రిక 'వాణి' పాత సంచికలు ఎక్కడ దొరుకుతాయి? వాటిలో చూస్తే ఇది ఏ నాటకమో తెలుస్తుందేమో. అప్పట్లో చాలా నాటకాలు లైవ్‌గానే వెళ్లిపోయేవి, అందుకే ఆయన గొంతు ఇందులో తప్ప ఇంకెక్కడా లేదేమోనని భయం. అమ్మమ్మకు 88 ఏళ్లు. దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.