కోడియక్కరైలో వలస పిట్టలకు రింగులు వేసే పనికి వెళ్లొచ్చా?

గుంటూరు జువాలజీ:
గుంటూరులో డిగ్రీ చదువుతున్నానండీ. ఇన్నాళ్లూ ఉప్పలపాడులో గూడబాతులను, ఎర్రకాళ్ల కొంగలను దూరం నుంచి చూడటమే తప్ప ఏ పక్షినీ చేత్తో పట్టుకోలేదు. అక్టోబరులో తమిళనాడు తీరాన కోడియక్కరైలో పిట్టలకు రింగులు వేసేవాళ్లకు సాయంగా వెళ్లే అవకాశం వచ్చింది. వెళ్లాలనే ఉంది, కానీ వేల కిలోమీటర్లు ఎగిరి అలసిపోయి వచ్చిన పిట్టను వలలో పట్టి కాలికి రింగు తొడిగితే దానికేమవుతుందోనని టెన్షన్‌గా ఉంది. చేసినవాళ్లుంటే చెప్పండి.

బెజవాడ పిట్టలు:
తప్పకుండా వెళ్లమ్మా. నేను అక్కడ పనిచేశాను. మిస్ట్ నెట్ అంటే సన్నటి నల్ల దారపు వల, పొదల నీడలో కంటికి ఆనదు, తగిలిన పిట్ట వల మడతలోకి జారి ఆగుతుంది. వల కట్టి వదిలేయడం ఉండదు, అరగంట లోపే మళ్లీ మళ్లీ చూసి రావాలి, ఎండ ముదిరినా చినుకు పడినా మూసేయాల్సిందే, ఈశాన్య రుతుపవనాలు వచ్చే కాలం కాబట్టి మబ్బును కనిపెట్టుకునే ఉంటాం. పిట్ట ఏ వైపు నుంచి పడిందో చూసి అటునుంచే తీయాలి. మెడ చూపుడు వేలికీ మధ్య వేలికీ నడుమ, వీపు అరచేతికి ఆనుకుని ఉండాలి. ఛాతీ నొక్కితే మాత్రం ఊపిరాడదు. మొదట్లో నీ చేతికి పిట్టను ఇవ్వరు, పట్టిన పిట్టలుండే గుడ్డ సంచులు మోయడం, కొలతలు రాయడమే పని, అదే మంచిది.

మెడ కింద ఈకల్ని నోటితో ఊదితే చర్మం కింద కొవ్వు పచ్చగా కనిపిస్తుంది. నిండుగా ఉంటే ఇంకా ఎగరగలదు, ఖాళీగా ఉంటే ఆ పొదల్లోనే తిని కోలుకోవాలి. ఆ పొదలు ఎందుకు నరకకూడదో అధికారులకు చెప్పాలంటే ఇంతకన్నా గట్టి ఆధారం ఏముంది?

మంగళగిరి నుంచి:
ఇప్పుడు జీపీఎస్ పరికరాలు ఉన్నాయి కదన్నా, ఇంకా రింగులెందుకు?

బెజవాడ పిట్టలు:
బాతులకు, గద్దలకు సరే. ఫిన్లాండ్ నుంచి సైబీరియా దాకా గూళ్లు కట్టుకుని, చలికాలానికి మన పెరటి చెట్లలోకి కూడా వచ్చే బ్లిత్స్ రీడ్ వార్బ్లర్ పది పన్నెండు గ్రాములే ఉంటుంది తమ్ముడూ. ఒంటి బరువులో మూడు శాతం లోపే మోయించాలంటే అర గ్రాము కూడా పెట్టలేం. నంబరు చెక్కిన అల్యూమినియం రింగు అంతకన్నా చాలా తేలిక, కాలి మీద వదులుగా తిరుగుతుంది. మళ్లీ దొరికేవి కొద్దే, నిజమే. కానీ నిరుటి పిట్టే ఈ ఏడాదీ అదే పొదకు వచ్చిందని చెప్పేది ఆ నంబరే. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ 1927 నుంచీ ఈ పని చేస్తోంది.

బాపట్ల తీరం:
ఇది చదివి సూర్యలంకలో సొంతంగా వల కట్టాలని ఎవరూ అనుకోకండి, దయచేసి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేకుండా పట్టడం నేరం. రింగున్న పక్షి కనిపిస్తే ఫోటో తీసి, నంబరు, చోటు, తేదీ సొసైటీకి రాయండి. బతికున్న పక్షి కాలి నుంచి రింగు మాత్రం తీయొద్దు.